ఉపకారవేతనపు జాబితాయే బడికి కొలమానమా?

సంపాదకులకు,

మా యూరి పురపాలక ప్రాథమికోన్నత పాఠశాలలో ఎనిమిదవ తరగతి పిల్లలెవ్వరును ఎన్‌.ఎం.ఎం.ఎస్‌. (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్) ఉపకారవేతనమునకు ఎంపిక కాలేదు గనుక అచట చదువే సాగుట లేదని మీ పత్రిక వ్రాసినది. ఆ తీర్పునకు ఈ ఆధారము చాలదు.

ఈ వేతనమునకై జరుపు పరీక్షలో 40 శాతము మార్కులు, షెడ్యూల్డు కులముల, తెగల పిల్లలకైనచో 32 శాతము, వచ్చినవారు అర్హులగుదురు. కాని దేశమంతటికిని ఏటేట మంజూరగునవి లక్ష వేతనములే యగుటచే, వానిని రాష్ట్రములకు పంచి, ప్రతిభాక్రమమున ఇత్తురు. కావున అర్హత నొందియు ఒక్క మార్కు తక్కువై వెనుకబడిన బాలిక పేరు మీరు చూచిన జాబితాలో నుండనే యుండదు. ఎందరు అర్హులైరో విచారింపకయే బడిని నిందించుట అన్యాయము.

ఇక ప్రశ్నపత్రము. 180 ప్రశ్నలలో సగము మానసిక సామర్థ్యమునకు సంబంధించినవి: సంఖ్యాశ్రేణిలో లోపించిన అంకె, అద్దములో గడియారపు ప్రతిబింబము, అక్షరసంకేతములు. ఒక్కొక్కదానికి నిమిషమే వ్యవధి. పాఠ్యపుస్తకములందు వీనికి చోటు స్వల్పము. సాయంకాలము పిల్లలను కూర్చుండబెట్టి సాధన చేయించు ఉపాధ్యాయుడున్నచోట ఇవి అలవడును, లేనిచోట భిన్నములును బీజగణితమును చక్కగా వచ్చిన పిల్లలు సైతము తడబడుదురు. గణిత, సామాన్య, సాంఘిక శాస్త్రములతో కూడిన రెండవ భాగములో మా పిల్లలకెన్ని వచ్చినవో మీ విలేఖరి అడిగెనా?

ఏటికి 12,000 రూపాయల ఈ వేతనము పేద పిల్లలు ఎనిమిదవ తరగతితో బడి మానకుండుటకై యేర్పడినది. రెండు భాగముల మార్కులను వేర్వేరుగా తెప్పించి చూచి, ఆ పిమ్మట మా బడిని గూర్చి మరల వ్రాయుడు.

— ఒక విద్యార్థిని తండ్రి, గుంటూరు జిల్లా