పిడికెడు బియ్యం

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకదాన్ని రెండుసార్లు చదివి పక్కన పెట్టుకున్నాను. రాసిన సోదరి తన పేరూ, ఊరూ బయట పెట్టవద్దని కోరింది. పెట్టను. సంగతి మాత్రం చెప్పక తప్పదు. ఎందుకంటే అది ఆమె ఒక్కదాని సంగతి కాదు. మన మధ్యతరగతి ఇళ్ళల్లో ఎందరో పైకి చెప్పుకోలేక లోపల్లోపల మింగుకునే సంగతి.

ఆమె భర్త ఒకచోట గుమాస్తా. నెలకు 22,000 రూపాయలు వచ్చేవి. పని తగ్గిందని జీతం 15,000కు దించారు. ఇంటద్దె 6,000. పదో తరగతి చదివే అమ్మాయి ఫీజు, అత్తగారి షుగరు మందులు, చిట్టీ వాయిదా ఎప్పటిలాగే ఉన్నాయి. వీళ్ళు క్రైస్తవులు. పెళ్ళయిన నాటినుంచీ జీతంలో పదో వంతు సంఘానికి ఇవ్వడం ఆ ఇంటి ఆచారం. "దేవుడి భాగం తీసి పెట్టాకే ఏదయినా" అంటారు అత్తగారు. "ముందు కిరాణా కొట్టు బాకీ తీరనీ" అంటాడు భర్త. ఇద్దరి మాటా కాదనలేక మధ్యన నలుగుతున్నది ఈమె. ఆఖరికి ఏమయిందంటే, ఆదివారంనాడు కానుకల సంచి తన వరుసలోకి వచ్చినప్పుడు వట్టి చెయ్యి పెట్టి తియ్యడానికి సిగ్గుపడి, మూడు వారాలుగా గుడికి వెళ్ళడమే మానేసింది. ఇంట్లో తలనొప్పి అని చెబుతోందట. ఇల్లు గడవని రోజుల్లో ఇవ్వకపోతే పాపమా అని ఆమె నన్ను అడుగుతోంది.

అమ్మా, మీరు ఇవ్వలేకపోయినందుకు నాకు విచారం లేదు. గుడికి వెళ్ళడం మానేసినందుకు విచారంగా ఉంది. కష్టం వచ్చినప్పుడు నలుగురిలోకి వెళ్ళవలసిన మనిషిని ఆ నలుగురి నుంచే దూరం చేసిందంటే, ఆ కానుకల సంచిని మనం ఎక్కడో తప్పుగా అర్థం చేసుకున్నామన్నమాట.

ఇది క్రైస్తవుల ఇళ్ళకే పరిమితమైన బాధ కాదు. మన పెద్దల కాలంలో, తమకే అంతంతమాత్రంగా ఉన్న ఇళ్ళల్లో కూడా వారాలబ్బాయికి వారానికి ఒకరోజు విస్తరి వేసేవారు. ముస్లిం సోదరులకు జకాతు ఉంది. అయితే అందులో మంచి కట్టుబాటు ఒకటుంది. ఒక పరిమితికి మించి ఆస్తి లేనివాడు జకాతు ఇవ్వనక్కర లేదు. పైగా పుచ్చుకోవచ్చు. ఈ సోదరి క్రైస్తవురాలు, నేనూ ఆ మతంలో పుట్టి పెరిగినదాన్నే కనుక, మా గ్రంథం ఏమంటుందో ఆ దారినే చెబుతాను.

బీద విధవరాలి కథ అందరూ వినే ఉంటారు. యెరూషలేము దేవాలయంలో కానుకపెట్టె ఎదుట యేసు కూర్చుని చూస్తున్నాడు. ధనవంతులు దండిగా వేసి పోతున్నారు. ఒక విధవరాలు వచ్చి రెండు కాసులు వేసింది. ఆ రెండూ కలిస్తే రోమను నాణేల్లో అతి చిన్నదాని విలువ. అందరికంటే ఎక్కువ వేసింది ఆమేనని యేసు శిష్యులతో అన్నాడు. ఈ కథ చెప్పి కానుకలు అడగడం మనకు అలవాటు. మార్కు సువార్తలో ఈ కథకు సరిగ్గా ముందు ఏముందో మాత్రం చాలామంది చెప్పరు. పొడుగాటి ప్రార్థనలు చేస్తూ విధవరాళ్ళ ఇళ్ళను దిగమింగే శాస్త్రులను యేసు గట్టిగా గద్దించాడు. ఆ వెంటనే ఈ విధవరాలు కనబడుతుంది. నాకేమనిపిస్తుందంటే, ఆ కథ ఇచ్చేవారికి ధైర్యం చెబుతుంది, వసూలు చేసేవారికి భయం చెబుతుంది. రెండో సగం వదిలేసి మొదటి సగమే చెప్పడం న్యాయం కాదు.

అదే సువార్తలో ఇంకో మాట ఉంది. కన్నవారికి పెట్టవలసినదాన్ని చూపించి, ఇది కొర్బాను, అంటే దేవుడికి అర్పితం అని చెప్పి తప్పించుకునే ఆచారం ఆ రోజుల్లో ఉండేది. యేసు దాన్ని ఒప్పుకోలేదు. అందుచేత అత్తగారి మందులు ఆపి గుడిలో వేసిన డబ్బు దేవుడికి చేరుతుందని నేను అనుకోను. అప్పు చేసి వేసినదీ అంతే. అది కిరాణా కొట్టు ఆసామి డబ్బు. అతని డబ్బును అతన్ని అడక్కుండా దానం చెయ్యడానికి మనకేం హక్కుంది?

పౌలు సంగతి చూడండి. క్లౌదియ చక్రవర్తి కాలంలో కరువు వచ్చినప్పుడు అంతియొకయలోని విశ్వాసులు, ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు, యూదయలోని వారికి సాయం పంపించారు. తరవాత కొన్నేళ్ళకు యెరూషలేములోని బీదల కోసం పౌలు ఊరూరా చందాలు పోగు చేశాడు. మాసిదోనియ వాళ్ళు నిరుపేదలు. అయినా మమ్మల్నీ ఇందులో కలుపుకోమని బతిమాలి మరీ ఇచ్చారట. ఆ సంగతిని కొరింథు వాళ్ళకు రాస్తూ, పౌలు ఆజ్ఞ చెయ్యలేదు. మనిషికి ఉన్నదాన్నిబట్టే లెక్క, లేనిదాన్నిబట్టి కాదని రాశాడు. ఒకరికి తేలిక చెయ్యడానికి మరొకరిమీద బరువు మోపడం తన ఉద్దేశం కాదనీ, సమానం కావాలనీ కూడా రాశాడు. ఇంతకంటే స్పష్టంగా చెప్పేదేముంది?

అయితే పూర్తిగా మానెయ్యమంటారా అని మీరు అడగవచ్చు. అననమ్మా. ఇక్కడే మా అమ్మమ్మ వంటిల్లు నాకు జ్ఞాపకం వస్తుంది. పొయ్యి పక్కన మూతి చిన్న కుండ ఒకటి ఉండేది. పూటపూటకీ ఎసట్లోకి బియ్యం కొలుచుకున్నాక, కడగకముందే, అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేది. ఎక్కువ వండినరోజూ అంతే, తక్కువ వండినరోజూ అంతే. శనివారంనాటికి కుండలోవి గుడ్డలో మూటకట్టి, ఆదివారం గుడికి పట్టుకెళ్ళేది. ఆ బియ్యం కొంత పాస్టరుగారి ఇంటికి, కొంత ఊళ్ళో దిక్కులేని ముసలివాళ్ళకు వెళ్ళేది. మా తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ఉన్న ఆచారమే ఇది.

పిడికెడు అంటే సుమారు 35 గ్రాములు అనుకుందాం. రోజుకు రెండు పూటలు, నెలకు ముప్ఫయి రోజులు. నెల తిరిగేసరికి రెండు కిలోల పైచిలుకు అవుతుంది. తీసిన ఇంట్లో ఎవరికీ ఆకలి మిగలదు. పుచ్చుకున్న ముసలమ్మకు మాత్రం పది పదిహేను పూటలు గడుస్తుంది. నోటు తీసేటప్పుడు ఇంట్లో రెండు అభిప్రాయాలు వస్తాయి. పిడికెడు బియ్యానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. అది తీసే చెయ్యి ఇల్లాలిది. జీతం తెచ్చే చెయ్యి కానందువల్ల ఇచ్చే భాగ్యం లేకపోయిన ఆడవాళ్ళకు ఆ కుండ ఆ భాగ్యాన్ని ఇచ్చింది.

ఈ పద్ధతిని మనకంటే గట్టిగా పట్టుకున్నవాళ్ళు మిజోరంలో ఉన్నారు. అప్పట్లో ఆ ప్రాంతాన్ని లుషాయి కొండలనేవారు. అక్కడి క్రైస్తవ స్త్రీలు 1910లో వంట బియ్యంలోంచి పిడికెడు తీసి సంఘానికి ఇవ్వడం మొదలుపెట్టారు. దాన్ని వాళ్ళ భాషలో బుహ్‌ఫై థామ్ అంటారు. మరుసటి ఏడే, 1911లో, ఆ కొండలమీద మావుతం అనే కరువు వచ్చింది. అక్కడ సుమారు 48 ఏళ్ళకొకసారి వెదురు పూస్తుంది. ఆ గింజలు తిని ఎలుకలు లెక్కలేనన్ని పెరిగి, గింజలు అయిపోగానే పొలాలమీద పడతాయి. పండిన పంట ఇంటికి రాదు. అటువంటి కరువు 1959లోనూ వచ్చింది. ఇన్ని చూసినా ఆ ఆచారం చచ్చిపోలేదు. నూరేళ్ళు దాటాక కూడా అక్కడి సంఘాలకు అదొక పెద్ద ఆధారం. బియ్యం విలువ తెలిసినవాళ్ళు కనుకనే దాన్ని నిలుపుకున్నారేమో.

మన దగ్గర దోర్నకల్లు సంగతి చెప్పాలి. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత చందాలతో ఒక మిషను సంఘం పెట్టుకున్నారు. దాన్ని స్థాపించిన వారిలో ముఖ్యుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయన తరవాత అప్పటి నైజాం రాజ్యంలోని దోర్నకల్లుకు వచ్చి స్థిరపడ్డాడు. 1912లో అక్కడే బిషప్పయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఆయన మందలో ఎక్కువమంది పొలం కూలీలు, అంటరానివారని ఊరు వెలివేసిన మాల మాదిగలు. వీళ్ళు బీదలు, వీళ్ళని ఏమడుగుతాం, డబ్బు సీమనుంచి వస్తుంది గదా అనుకోవడం సులువు. అజరయ్యగారు అలా అనుకోలేదు. పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడం తెలియని సంఘం తన కాళ్ళమీద నిలబడదన్నది ఆయన నమ్మకం. డబ్బు లేనివాళ్ళు ధాన్యం తెచ్చారు, కోడి తెచ్చారు, గుడ్లు తెచ్చారు, గుమ్మడికాయ తెచ్చారు. 1929 తరవాత వచ్చిన ఆర్థికమాంద్యంలో ధాన్యం ధరలు పడిపోయి పల్లెలు విలవిల్లాడినా ఆయన ఆ మాట మార్చుకోలేదు. ఏళ్ళ తరబడి కట్టిన దోర్నకల్లు పెద్దగుడికి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది.

ఊరు తనకు ఎన్నడూ ఏమీ లేదన్న మనిషి, కానుక పట్టుకుని నలుగురి ఎదుటా నడిచి వెళ్ళినప్పుడు, అతని తల కొంచెం పైకి లేస్తుంది. అందుకే పూర్తిగా మానవద్దంటున్నాను. మీరు ఇచ్చేది దేవుడికి అవసరమై కాదు. కష్టకాలంలో మనం వట్టి పుచ్చుకునేవాళ్ళం మాత్రమే కాదని మనకు మనం గుర్తు చేసుకోవడానికి అది అవసరం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. వెయ్యి వేస్తే దేవుడు పదివేలు తిరిగి ఇస్తాడని చెప్పేవాళ్ళు ఈ రోజుల్లో బయలుదేరారు. వాళ్ళ మాట వినకండి. అది కానుక కాదు, వడ్డీ వ్యాపారం. 1876 మొదలుకొని 1878 దాకా వచ్చిన పెద్ద కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర ఏం చేశాడో వినండి. బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలిపని చూపించాడు. బిచ్చం వెయ్యలేదు, పని ఇచ్చి కూలి ఇచ్చాడు. మతంలో కలుస్తామని ఎందరో వచ్చినా, అన్నం కోసం వచ్చారేమోనని కరువు పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం పని ముగిశాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఆ సంఖ్య గురించి అందరూ చెబుతారు. నాకు మాత్రం అంతకుముందు ఆయన ఆగిన నెలలే గొప్పగా కనిపిస్తాయి. అన్నం పెట్టి విశ్వాసాన్ని కొనకూడదని ఆయనకు తెలుసు. డబ్బు వేసి దేవుడి దయను కొనకూడదని మనకూ తెలియాలి.

ఇక సోదరికి నా సలహా. మీరూ, మీవారూ ఒకరోజు రాత్రి కూర్చుని, అత్తగారిని కూడా పిలిచి, ఇంటి లెక్క కాగితంమీద వెయ్యండి. అద్దె, మందులు, ఫీజు, కొట్టు బాకీ రాయండి. ఆ తరవాత ఎవరికీ ఎగవెయ్యకుండా ఎంత ఇవ్వగలరో అంత రాసుకోండి. యాభై రూపాయలయితే యాభై. అది పదో వంతు కాదని అత్తగారు నొచ్చుకుంటే, వంటింట్లో ఒక డబ్బా పెట్టి పిడికెడు బియ్యం ఆవిడ చేతే వేయించండి. ఆవిడ మనసూ నిలుస్తుంది, ఇంట్లో మాటా కలుస్తుంది. అమ్మాయిచేత వీధిలో ఒక చిన్నపిల్లకు లెక్కలు చెప్పించండి. అదీ కానుకే. జీతం పెరిగిననాడు మళ్ళీ పదో వంతు సంగతి ఆలోచించుకోవచ్చు.

సంఘం పెద్దలకు కూడా ఒక మాట. సంచి తిప్పేవారు ఎవరెంత వేశారో చూడకండి. చందాదారుల పేర్లు అంకెలతో సహా చదివి వినిపించే అలవాటు ఉంటే మానుకోండి. మూడు వారాలు కనబడని మనిషి ఇంటికి ఒకరు వెళ్ళి రండి. రసీదు పుస్తకం పట్టుకుని కాదు, ఊరికే వెళ్ళండి. ఆ ఇంట్లో బియ్యం నిండుకున్నట్టు తెలిస్తే, పిడికెడు బియ్యం కుండ ఉన్నది అందుకేనని గుర్తు పెట్టుకోండి.

అలా ఎవరైనా మీ ఇంటికి ఒక మూట తెచ్చి ఇస్తే, అమ్మా, వద్దనకండి. ఇన్నేళ్ళు మీరు వేసిన చోటనుంచే అది వచ్చింది. పుచ్చుకోండి. వచ్చే ఆదివారం మాత్రం తలనొప్పి అని చెప్పకుండా గుడికి వెళ్ళండి.