యంత్ర మొకటి, గదులు రెండు

ఇంటనున్న యొక్క కంప్యూటరును హాలులోని టెలివిజనునకును, మేడమీఁది తెరకును గలిపి యాటలాడవచ్చునా యని విద్యార్థులు మమ్ముఁ దఱచుగ నడుగుచున్నారు. ఆడవచ్చును. రెండవ యంత్రమును గొనుమని తండ్రిని వేధించుటకంటె నిది మేలని మా యభిప్రాయము.

అయితే పొడవైన తీఁగెలను నమ్మరాదు. యు.ఎస్.బి. 2.0 తీఁగెకు 5 మీటర్లే హద్దు, హెచ్.డి.ఎమ్.ఐ. రాగితీఁగెయు దూరము పెరిగినకొలఁది బొమ్మను జెడఁగొట్టును. ఈథర్నెట్టు తీఁగె యన్ననో 100 మీటర్లవఱకుఁ బనిచేయును. వాల్వు కంపెనీవారు 2014లోనే తమ స్టీమునందు నాటను గదినుండి గదికిఁ బంపు నుపాయమును జేర్చిరి. ఆట యొకచోట నడచును, దృశ్యము వేఱొకచోటఁ గనఁబడును. వైఫై చాలునందురు గాని, గోడ లడ్డమైనచో బొమ్మ తడఁబడును. మేము తీఁగెనే కోరుదుము.

ఇఁక నసలు చిక్కు. తెరలు రెండైనను యంత్రము సాధారణముగ నొకసారి యొకరికే పనిచేయును. అన్న మేడమీఁద నాడుచుండఁగా చెల్లెలు హాలులో దానిపైఁ బాఠము వ్రాసికొనఁజాలదు. మొదటి వంతు పాఠమునకే యని మేమందుము. వంతుల కాగితమును యంత్రము ప్రక్క నంటించిన పిదపనే గోడకు రంధ్రము వేయింపుఁడని తలిదండ్రులను గోరుచున్నాము.