హెల్మెట్‌కి రంగేయండి, థిన్నర్ మాత్రం వద్దు

మన బ్యాచ్‌లో హెల్మెట్ అంటే పోలీసుకి చూపించే వస్తువు. బెంజి సర్కిల్‌లో నెత్తి మీద ఉంటుంది, కానూరు రాగానే ట్యాంకు మీదకొస్తుంది. మోటారు వాహనాల చట్టం 194డి సెక్షన్ కింద 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు చెల్లకపోవడం అని ఎన్నిసార్లు చెప్పినా అంతే. భయంతో పెట్టుకున్నది భయం పోగానే దిగిపోతుంది.

అందుకే సొంతంగా హెల్మెట్‌కి రంగులేసుకునేవాళ్లంటే నాకు ఇష్టం. పెడన కలంకారీ పువ్వో, అమ్మ రాసిన అక్షరమో మీ చేత్తో వేసుకున్నాక అది షాపు సరుకు కాదు, మీది. మీదైనదాన్ని పెట్టుకోమని ఎవరూ చెప్పక్కర్లేదు. ‘సోకులు’ అని ఎవరైనా వెక్కిరిస్తే వెక్కిరించనివ్వండి. తల మీద ఉన్న సోకు, హ్యాండిల్‌కి వేలాడే క్రమశిక్షణ కన్నా నయం.

కానీ మనం ఇంజినీరింగ్ చదువుతున్నాం కాబట్టి ఒక ప్రశ్న వేసుకోవాలి: రంగు కింద ఏముంది?

పక్కనే ఉన్న కొండపల్లిలో ఈ ప్రశ్న ఎప్పుడో వేసుకున్నారు. తెల్ల పొణికి కర్రతో బొమ్మ చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, ఆ తర్వాతే రంగు పడుతుంది. కింద ఉన్న కర్రని బట్టి పైపూత. హెల్మెట్‌కి కింద ఉన్నది ఏబీఎస్, పాలికార్బొనేట్ లేదా ఫైబర్ గ్లాస్ డొప్ప. దాని లోపల ఈపీఎస్, అంటే మన థర్మాకోల్ జాతిదే. దెబ్బ తగిలినప్పుడు నలిగిపోయి తలని కాపాడేది అదే.

ప్రాజెక్ట్ మోడల్ కోసం థర్మాకోల్ మీద స్ప్రే డబ్బా కొడితే గుంటలు పడి కరిగిపోవడం మనలో చాలామంది చూశాం. థిన్నర్, అసిటోన్, పెట్రోల్ పాలికార్బొనేట్‌నీ వదలవు. కంటికి కనపడని సన్నని పగుళ్లు తెస్తాయి. పైన రంగు తళతళలాడుతుంది, లోపల బలం పోతుంది. మాసిపోయిన హెల్మెట్ కన్నా అది ప్రమాదం, ఎందుకంటే దాన్ని నమ్మి పెట్టుకుంటాం.

కాబట్టి నా మాట ఇదీ. ముందు హెల్మెట్ లోపలి లేబుల్, దాంతో ఇచ్చిన కాగితం చదవండి. రంగు వేయొద్దని ఉంటే అదే ఆఖరి మాట. లేకపోతే సబ్బునీళ్లతో కడగండి. వైజర్, గాలి రంధ్రాలు, పట్టీ, లోపలి మెత్త, ఐఎస్ఐ గుర్తు అన్నిటికీ టేప్ వేయండి. సన్న వాటర్ పేపర్‌తో పైమెరుపు పోయేంతవరకే రుద్దండి, డొప్ప బయటపడేదాకా వద్దు. నీళ్లలో కలిసే యాక్రిలిక్ రంగు పల్చగా, పూత పూతకీ ఆరనిచ్చి వేయండి. మన డెల్టా తేమలో, అందులోనూ వానాకాలంలో, ఆరడానికి డబ్బా మీద రాసినదాని కన్నా ఎక్కువ టైమ్ పడుతుంది. తొందరపడితే ముడతలే. ఆటోనగర్‌లో బండ్లకి కొట్టే హార్డెనర్ కలిపిన క్లియర్ కోట్‌ని హాస్టల్ రూములో అసలు ముట్టుకోవద్దు. ఆ ఆవిరి ఊపిరితిత్తులకి చేటు.

ఇంకో మాట. రంగు పగుళ్లని దాచేస్తుంది. అందుకే ఎవరో వేసి అమ్మే పాత హెల్మెట్ ఎంత ముద్దుగా ఉన్నా కొనకండి. ఐఎస్ఐ గుర్తు లేని రోడ్డు పక్క టోపీకి ఎంత మంచి బొమ్మ వేసినా అది టోపీయే.

గీత పడుతుందని హెల్మెట్‌ని గూట్లో దాచేవాళ్లూ ఉన్నారు. గీతలు పడటానికే అది ఉంది. గట్టి దెబ్బ తగిలిన రోజున మాత్రం జాలిపడకండి. మీ బొమ్మని ఫొటో తీసి దాచుకోండి, పట్టీ కోసి హెల్మెట్ పారేయండి. కొత్తది కొని ఇంకో బొమ్మ వేసుకోవడానికి మీరుంటారు.