ఆరోగ్య స్వరాజ్యము

మన పట్టణములలో ఏ వీధి మొగమున నిలిచి చూచినను మందుల దుకాణ మొకటి కన్నుల బడుచున్నది. మధుమేహమునకొక బిళ్ళ, రక్తపుపోటునకొక బిళ్ళ, వీనిచే కలిగిన కడుపుమంటకు వేరొక బిళ్ళ. వీనిని మేము నిందింపము. ఎందరి ప్రాణములో వీనివలన నిలిచియున్నవి. కాని దేహము మనది, దాని పాలన మాత్రము దుకాణదారునిది యను భావము మనలో నెట్లు వేరూనినదో విచారింపవలసియున్నది.

దేశమున 10.1 కోట్ల మందికి మధుమేహమున్నదనియు, మరి 13.6 కోట్ల మంది దాని గడపలో నిలిచియున్నారనియు 2023లో ప్రకటితమైన పరిశోధన తెలుపుచున్నది. 2024 మే నెలలో హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 17 ఆహార సూత్రములను వెలువరించుచు, దేశపు రోగభారములో 56.4 శాతము సరికాని తిండివలననే కలుగుచున్నదని అంచనా వేసినది.

ఆ సంస్థ పుట్టుకలో ఆంధ్రులకొక పాఠమున్నది. 1918లో నీలగిరులలోని కూనూరున, పాస్చరు సంస్థయందలి ఒక్క గదిలో, మెక్‌కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చి విచారణ ప్రారంభించెను. ఆ గదియే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు చేరినది. కాళ్ళ సత్తువ నుడిపి, దేహమును వాపెక్కించి, తుదకు గుండెనే పట్టుకొను ఆ వ్యాధికి చెన్నరాజధానిలో ప్రధాన నిలయము మన ఉత్తర సర్కారులే. దక్షిణమున అరవవారును వరియన్నమే భుజించిరి. వారినిది ఇంతగా బాధింపలేదు. ఏలయన, వారిది ఉప్పుడు బియ్యము. ధాన్యమును నానబెట్టి ఉడికించుటలో పైపొరయందలి సారము కొంత గింజలోనికి దిగును. పిదప మరలో పట్టించినను పూర్తిగా పోదు. మనది పచ్చి బియ్యము. మరలో తెల్లబడునప్పుడు తవుడుతోబాటు ఆ సారమును వెడలిపోవును. మరపట్టిన బియ్యము మేసిన కోళ్ళు వ్యాధిపాలై, తవుడు మేయగానే కోలుకొనుటను ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు జావాద్వీపమున అంతకుముందే, 19వ శతాబ్దపు తుదిలో, కనిపెట్టి యుండెను. 1929లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది.

మనమో, మల్లెపూవువంటి అన్నము వడ్డింపనిదే పెండ్లి పెండ్లిగాదనుకొంటిమి. బియ్యమును నాలుగు నీళ్ళ కడిగితిమి. గంజి వార్చి కుడితిలో పోసితిమి. తవుడు దాణాలో కలిపితిమి. పాడియున్న ఇంట అందరికంటె పుష్టికరముగా భుజించినది గేదెయే! నేడు ఆ తవుడునుండియే నూనె తీసి, ఆరోగ్యకరమని పేరిడి సీసాలలో అమ్ముచున్నారు. అన్నమునుండి తొలగించిన దానిని అంగడిలో మరల కొని తెచ్చుకొను నేర్పు మనకే చెల్లినది.

1934లో వార్ధాలో గ్రామపరిశ్రమల సంఘము వెలసినప్పుడు గాంధీమహాత్ముడు దంపుడు బియ్యము పక్షమున గట్టిగా వాదించెను. ఆ వాదములోని ఆరోగ్యశాస్త్రమును మేము సంపూర్ణముగా నంగీకరింతుము. కాని రోకలి పట్టినది మన స్త్రీలు. వారి భుజముల బరువు దింపిన మరను తిరిగి పొమ్మనుటకు మాకు మనసొప్పదు. మర యుండుగాక! ఒక్క పాలిషుతో ఆపుమని మరయజమానిని అడుగుట ఎవరికి కష్టము? కొనువాడు అడుగనిదే అమ్మువాడు మారడు.

దంపుడన్నము మధుమేహమునకు మందని ఎవరైన చెప్పినచో నమ్మవలదు. కంచములో అన్నపురాశి కొండవలెను, పప్పు, కూర అంచున చుక్కవలెను ఉన్నంతకాలము ఏ బియ్యమును రక్షింపజాలదు. వారమునకు 150 నిమిషములు చురుకుగా నడువుమని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. దినమునకు ఇరువది రెండు నిమిషములు. వీధి చివరి కచేరికి బండిమీద పోవువానికి ఇదియు దొరకుటలేదట! ఉప్పు దినమునకు 5 గ్రాములకు లోబడవలెను. ఆవకాయను విడువుడని చెప్పుటకు మాకును ధైర్యము చాలదు. రెండవమారు వడ్డించుకొనకుండుట మాత్రము సాధ్యమే. దేహమును నిలుపు మూడు ఊతలలో ఆహారము వెంటనే చరకుడు నిద్రను పేర్కొనెను. నడిరేయి దాక చేతిఫోను వెలుగులో కన్నులు కాయలు కాచువారు దీనిని తలచుట మేలు.

ఇచ్చట ఒక అపార్థమును వారింపవలసియున్నది. ఎవరి ఆరోగ్యమునకు వారే బాధ్యులను మాటను చేతబట్టి, రోగిని దోషిగా నిలువబెట్టువారున్నారు. ఆసుపత్రులకు ధనము తగ్గింపవచ్చునని లోలోన సంతసించు పాలకులును ఉందురు. సర్కారులలో కాళ్ళు పడిపోయిన కూలివాడు బెరిబెరిని కోరి తెచ్చుకొనలేదు. కూలికి దొరకిన బియ్యమును తినెను. దేహమున ఇన్సులిను పుట్టని పసివానికి ఏ పథ్యమును ఇన్సులినుకు బదులు కానేరదు. మురుగునీటి ప్రక్కన కాపురముండువానికి నియమములు బోధించుటకు ముందు పురపాలక సంఘము ఆ మురుగును తొలగింపవలెను. ప్రకృతి చికిత్సయందు అంతటి విశ్వాసముగల గాంధీజీయే 1924 జనవరిలో ఉండుకము వాచినప్పుడు పూనాలోని సస్సూన్ ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు సమ్మతించెను. పథ్యము పాటించువాడు వైద్యుని దూరముంచవలెనను నియమ మెక్కడను లేదు.

కావున మా మాట కూలివానికి గాదు. ఏ బియ్యము కొనవలెనో, ఎంత తినవలెనో, ఎప్పుడు లేచి నడువవలెనో నిర్ణయించుకొనగల మనబోంట్లకే. ఈ భారమునుగూడ గృహిణిపై మోపి, కూరలో ఉప్పు తక్కువైనదని కంచమును త్రోసివేయు యజమానికి మరింత ముఖ్యముగా. సరుకుల పట్టీ వ్రాయునది అతడు, బియ్యపు బస్తా తెచ్చునది అతడు; తెల్లనన్నము కావలెనని పట్టుబట్టునదియు తరచుగా అతడే.

పోషకాహార సంస్థవారి ఆ 17 సూత్రములను ఒక పెద్ద కాగితముపై తెలుగున వ్రాయించి, ప్రతి పఠనమందిరమున పత్రికల బల్ల ఎదుటి గోడకు అంటింపవలసినదని కార్యదర్శులను కోరుచున్నాము. ఇంటికి బస్తా తెచ్చు దినమున మా పాఠకులు మరవానిని ఒక్కమారు అడిగి చూతురుగాక.