కుదురు ఎవరికి లేదు?

"అబ్బాయి మంచోడే గానీ ఆరేళ్లలో నాలుగు కంపెనీలు మారాడట. కుదురు లేదు." పెళ్లి సంబంధాల దగ్గర ఈ మాట ఇప్పుడు మామూలైపోయింది. దాని వెనకాలే ఇంకో ప్రశ్న: "ప్యాకేజీ ఎంతట?" ఆ ప్యాకేజీ వచ్చింది ఆ నాలుగు మార్పుల వల్లేనన్న సంగతి అడిగినవాళ్లకి తట్టదు. ఇంటర్వ్యూ చేసే మేనేజర్లదీ ఇదే ధోరణి. "ఇన్నిసార్లు ఎందుకు మారావు?" అని నిలదీస్తారు, తామూ నాలుగో కంపెనీలో కూర్చుని.

కుదురు గురించి మనకున్న అభిప్రాయమంతా మన నాన్నల ఉద్యోగాల నుంచి వచ్చింది. కరెంటాఫీసులోనో, రెవెన్యూలోనో, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లోనో చేరితే అక్కడే రిటైరవ్వాలి. దాన్నొక సుగుణంగా చెప్పుకుంటాం. ఏటా ఇంక్రిమెంటు, ధరలతో పాటు పెరిగే డీఏ, ఉండటానికి క్వార్టర్సు, సర్కారు కొలువైతే చివరి జీతంలో సగం దాకా పెన్షను. ఇన్ని ఇచ్చే చోటు వదిలి ఎవరు పోతారండీ? అది బేరం. ఉద్యోగి ముప్పై ఏళ్లు ఇచ్చాడు, యజమాని ముసలితనానికి పూచీ పడ్డాడు. ఆ బేరంలోంచి ముందు తప్పుకున్నది ఎవరు? 2004 జనవరి 1 తర్వాత చేరినవాళ్లకి, సైన్యాన్ని మినహాయించి, కేంద్రం పాత పెన్షను తీసేసింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా. సర్కారే మాట తప్పింది, హైటెక్ సిటీలో పనిచేసే కుర్రాడు మాత్రం నిలబడాలట!

ఐటీ సర్వీసు కంపెనీల్లో కొత్తగా చేరేవాడి జీతం పదిహేనేళ్ల కింద ఏడాదికి మూడు లక్షల చిల్లర. ఇప్పుడూ చాలా చోట్ల మూడున్నర దగ్గరే ఉంది. మాదాపూర్‌లో అద్దె మాత్రం అక్కడే ఆగలేదు. 2023 ఫిబ్రవరిలో విప్రో, ఆరున్నర లక్షల జీతానికి ఎంపిక చేసుకున్న కుర్రాళ్లని మూడున్నర లక్షలకి వస్తారా అని అడిగింది. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం మందిని, అంటే పన్నెండు వేల పైచిలుకు జనాన్ని తీసేస్తామని ప్రకటించింది. ఎక్కువగా మధ్య, పై స్థాయి వాళ్లేనని కూడా చెప్పింది. ఆ స్థాయికి కొందరు బయటినుంచి నేరుగా వచ్చి ఉండొచ్చు. మిగతావాళ్లు ఏళ్ల తరబడి కుదురుగా ఉండి ఎక్కినవాళ్లే.

ఉద్యోగి మానేస్తానన్నప్పుడు చూడాలి తమాషా. తొంభై రోజుల నోటీసు ఇవ్వాలి. రిలీవింగ్ లెటర్ చేతికి రాకపోతే కొత్త కంపెనీ గడప తొక్కనివ్వదు. అదే కంపెనీ తీసేస్తే పొద్దున మీటింగు, సాయంత్రానికి ల్యాప్‌టాప్ లాక్. కాగితం మీద నోటీసు ఇద్దరికీ సమానమే. కానీ కంపెనీ డబ్బు పారేసి వదిలించుకోగలదు. ఉద్యోగి డబ్బు కడతానన్నా, అది 'యాజమాన్యం ఇష్టం' అని ఎక్కడో ఒక క్లాజు ఉంటుంది. ఒకరి వృత్తిని అడ్డుకునే ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. అయినా మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ బ్యాంకు షరతు సబబేనని 2025 మేలో సుప్రీంకోర్టు అంది. మళ్లీ మనిషిని వెతుక్కోవడం బ్యాంకుకి ఖర్చు కదా అని తర్కం. సరే. మళ్లీ ఉద్యోగం వెతుక్కోవడం మనిషికి ఖర్చు కాదా?

ఎవరూ పెద్దగా మాట్లాడని దొంగదెబ్బ గ్రాట్యుటీ. చట్టం ప్రకారం పర్మనెంటు ఉద్యోగికి అది రావాలంటే ఒకే చోట ఐదేళ్లు పనిచేయాలి. ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్క. ఆఫర్ లెటర్లో చూడండి, బేసిక్‌లో 4.81 శాతం అని ఆ డబ్బుని కూడా ప్యాకేజీలో కలిపి చూపిస్తారు. బేసిక్ నెలకి 40 వేలున్నవాడు నాలుగేళ్లకి మానేస్తే దాదాపు 92 వేలు కంపెనీకే మిగులుతుంది. రెండేళ్లకోసారి మారుతూ ఇరవై ఏళ్లు పనిచేసినవాడికి మొత్తం మీద వచ్చే గ్రాట్యుటీ సున్నా. నిలకడ లేనివాడని తిట్టించుకుంటూ, తన జీతంగా చూపించిన సొమ్ముని వాళ్ల దగ్గరే వదిలిపోతున్నాడు.

అలాగని "రెండేళ్లకోసారి మారండి, అదే స్వేచ్ఛ" అని వీడియోలు చేసే గురువులతోనూ నాకు పేచీ ఉంది. మారడం అంటే సంఘం లేనివాడు ఒంటరిగా చేసే జీతం బేరం. అది అందరికీ చేతనయ్యేది కాదు. చంటిపిల్ల ఉన్న తల్లి తొంభై రోజులూ రాత్రిళ్లు ఇంటర్వ్యూలకి చదవలేదు. నలభై దాటినవాడి ఫోను మోగడం తగ్గుతుంది. ఇక మన ప్రభుత్వ జూనియర్ కాలేజీల కాంట్రాక్టు లెక్చరర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏటా రెన్యువల్ చేయించుకుంటూ ఒకే ఉద్యోగంలో ఇరవై ఏళ్లు ఉన్నవాళ్లున్నారు. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు వాళ్లని అడిగిందీ కుదురు గురించే: "ఇంకా పర్మనెంటు కాలేదా?"

పీఎఫ్‌కి 2014లో ఒకే నంబరు ఇచ్చారు, కంపెనీ మారినా ఖాతా వెంట వస్తోంది. గ్రాట్యుటీ కూడా అలాగే వెంట రావాలి, మొదటి ఏడాది నుంచే. నోటీసు డబ్బు కట్టి వెళ్లిపోయే హక్కు యజమానికి ఉంటే ఉద్యోగికీ ఉండాలి. ఈ రెండూ చట్టంలో రాసేదాకా కుర్రాళ్లకి నిలకడ పాఠాలు చెప్పడం మానెయ్యండి.