పెరుగుముంతయు, ప్రోబయోటిక్ బిళ్ళయు

కృష్ణవేణి సాగరమును గలియు మా పాలకాయతిప్ప ప్రాంతమున నేడు ఆడుపిల్లలును కబాడీకి, పరుగుపందెములకు బోవుచున్నారు. సంతోషమే. కాని పందెము రేపనగా బిడ్డకు కడుపులో త్రిప్పును, నిద్రపట్టదు. ప్రోబయోటిక్ బిళ్ళలు మ్రింగించినచో బలమును, ధైర్యమును గూడ గలుగునని యంగడివారు చెప్పుచున్నారు. ఇందు నిజమెంతయో యీ నెల విచారింతము.

మన ప్రేవులలో లెక్కకు మిక్కిలిగా సూక్ష్మజీవులు వసించుచున్నవి. వానిలో బెక్కులు మనకు మేలు చేయును. పాలు తోడుకొనుటయు నట్టి జీవుల పనియే. తగినంతగా లోనికి గొన్నపుడు ఆరోగ్యమునకు మేలుచేయు సజీవ సూక్ష్మజీవులకే ప్రోబయోటిక్కులని పేరు. ప్రపంచ ఆరోగ్యసంస్థయు, ఆహార వ్యవసాయసంస్థయు గూర్చిన నిపుణులు 2001లో నిర్ణయించిన యర్థమిది.

ఆటలాడువారికి వీనితో బనియేమి? ఎండలో బెద్దసేపు పరుగెత్తునపుడు నెత్తురు కండలకును, చర్మమునకును హెచ్చుగా బోయి ప్రేవులకు దగ్గును. అందుచే గొందరికి నొప్పియు, వాంతియు, విరేచనములును గలుగును. కఠినసాధన చేయు దినములలో జలుబు, గొంతునొప్పి యును బాధించుట కలదు. కొన్ని రకముల ప్రోబయోటిక్కు లిట్టి జలుబులను గొంత తగ్గింపగలవని అంతర్జాతీయ క్రీడాపోషణ సంఘము 2019లో బ్రకటించెను. అయితే ఒక రకము చేసిన మేలు వేరొకటి చేయునను నియమము లేదనియు నా సంఘమే చెప్పెను.

ఇక ధైర్యము మాట. కడుపునకును మెదడునకును వేగస్ అను నాడి మూలమున వార్తలు నడచుచుండును. భయపడినపుడు కడుపు కలగుటకు వాని నడుమనున్న యీ సంబంధమే కారణము. అయినను బిళ్ళవలన బెదురు తీరునని నిశ్చయముగా జెప్పుటకు దగిన నిదర్శనము లింకను జాలవు. 2016 రియో ఒలింపిక్ క్రీడలలో మన సింధు వెండిపతకము గొనునాటికి, ఆమెకు మిక్కిలి ప్రియమైన తీపిపెరుగును గురువు గోపీచందు కొన్నాళ్ళు మాన్పించియుండెను. ఏ యొక్క తినుబండారమును గెలుపు దెచ్చిపెట్టదు. ఏండ్లతరబడి సాధనయు, నియమమును, గురువు తోడును గావలయును.

ఇంటి పెరుగులో నే జీవులెన్ని యున్నవో లెక్క తెలియదు గనుక శాస్త్రజ్ఞులు దానిని బిళ్ళతో సమానముగా నెంచరు. అయినను మాంసకృత్తులును, సున్నపు ధాతువును, సజీవ సూక్ష్మజీవులును అందు గలవు. పొగలు గ్రక్కు నన్నములో గలిపినను, పులుసుగా గాచినను ఆ జీవులు చచ్చును. అన్నము చల్లారిన పిదపనే పెరుగు వడ్డింపుడు.

బిళ్ళయే వాడదలచినచో ముందుగా వైద్యుని సలహా గొనుడు. రోగముచే మిగుల నీరసించినవారికి వైద్యుడు చెప్పక యీయరాదు. డబ్బాపై సూక్ష్మజీవి పూర్తిపేరును, సంఖ్యను, గడువును జూడుడు. పందెపుదినమున గ్రొత్తగా మొదలిడకుడు. కొన్ని పుష్టిమందులలో నిషిద్ధపదార్థములు కలసియుండుట కలదు. పెద్దపోటీలలో అది బయటపడినచో, తెలియక తిన్నదైనను బాధ్యత క్రీడాకారిణిదే.

అన్నిటికంటె ముఖ్యమొకటి కలదు. కొడుకునకు మీగడపెరుగును, కూతునకు నీళ్ళమజ్జిగయు బోయు నిండ్లింకను లేకపోలేదు. సాధనకు దగిన తిండి లేనిచో బిడ్డ ఎముకలు బలహీనమగును, మనసు క్రుంగును, నెలసరి తప్పును. అట్లు తప్పుట యాటలలో సహజమని యూరకుండక వైద్యురాలికి జూపుడు. ఆకలితో నున్న బిడ్డకు బిళ్ళ లెన్ని మ్రింగించినను ఫలమేమి?

కావున సోదరీమణులారా, ఆ బిళ్ళల వెలతో మొదట కూతురి విస్తరిలో పప్పును, గ్రుడ్డో చేపయో, గట్టిపెరుగును నిండుగా వడ్డింపుడు. ప్రొద్దుగల్గ నిద్రబుచ్చుడు. ఓడివచ్చినను ఇంట నదే యాదరముండునని ముందే చెప్పుడు. ఆ మాట బిళ్ళలో దొరకదు, తల్లినోటనే వినవలయును.