హాస్టల్ కంప్యూటర్లకు ఏ డెస్క్‌టాప్? మా ఓటు ఎక్స్‌ఎఫ్‌సీఈకే



2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 ఏమో పాత మెషీన్లను దగ్గరికి రానివ్వదు. అచ్యుతాపురంలో మా హాస్టల్లో ఉన్నవి చాలావరకు 2 జీబీ ర్యామ్‌వే. అందుకే డెబియన్ వేసుకుందాం అనుకున్నాం. ఇక్కడిదాకా అందరిదీ ఒకటే మాట. గొడవంతా డెస్క్‌టాప్ దగ్గరే.

గ్నోమ్ అందంగా, ఫోన్‌లా ఉంటుందని సగంమంది అంటున్నారు. నిజమే. కానీ తెలిసినవాళ్ళు ఏది కావాలంటే అది మార్చుకుంటారు. డీఫాల్టు ఉండేది, మార్చుకోవచ్చని కూడా తెలియనివాళ్ళ కోసం. పాడేరు వైపు నుంచి మొన్న వచ్చిన ఇంటర్ తమ్ముడు మౌస్ పట్టడం ఇదే మొదలు. నొక్కిన ప్రతిదానికీ తెర బిగుసుకుపోతే, మెషీన్ పాతదని వాడనుకోడు, "ఇది మనకు రాదులే" అని లేచిపోతాడు. ఎక్స్‌ఎఫ్‌సీఈ తేలిక. మెనూ, తెరిచిన విండోలు కళ్ళముందే ఉంటాయి. రేపు సెజ్ కంపెనీలో డేటా ఎంట్రీకి వెళ్ళినా ఇంచుమించు ఆ తీరే.

డెబియన్ వాళ్ళూ 2013లో ఎక్స్‌ఎఫ్‌సీఈని డీఫాల్టు చేసి, 2014లో విడుదలకు ముందే గ్నోమ్‌కి తిరిగొచ్చారు. చూపులేనివాళ్ళకూ ఇతర వికలాంగులకూ గ్నోమ్‌లో సౌకర్యాలు మెరుగని వాళ్ళు చెప్పిన ముఖ్య కారణం. దాన్ని కొట్టిపారేయలేం. ర్యామ్ ఎక్కువున్న ఒక్క మెషీన్‌లో గ్నోమ్, ఓర్కా స్క్రీన్ రీడర్ ఉంచుదాం. సవర పిల్లల కోసం సొర సొంపెంగ్ ఫాంటు కూడా వేద్దాం, ఆ లిపి యూనికోడ్‌లో 2012లోనే చేరింది.

ఆదివారం ఇన్‌స్టాల్ మొదలుపెడతాం. గ్నోమ్ అనేవాళ్ళు ఆలోపు ఆ 2 జీబీ మెషీన్ మీదే నడిపి చూపించండి, మాట్లాడుకుందాం.